నేషనల్ ప్రెస్ క్లబ్ (వాషింగ్టన్)

నేషనల్ ప్రెస్ క్లబ్ అమెరికా సంయుక్త రాష్ట్రాల రాజధాని వాషింగ్టన్ నగరంలోని పాత్రికేయుల సంస్థ. 1908లో స్థాపించబడిన ఈ క్లబ్బు, 14వ వీధి, ఎఫ్ వీధి కలిసే చోట గల నేషనల్ ప్రెస్ భవనపు పై అంతస్తులలో ఉన్నది. శ్వేతసౌధం ఇక్కడి నుండి నడచిపోగలిగినంత దూరంలోనే ఉంటుంది. జీతభత్యాల కొరకు యాజమాన్యాలతో బేరమాడే యూనియన్ కాదిది. విలేఖరులు కలుసుకొనడానికి, భోజనం చేయడానికి, ముఖ్యంగా వార్తలలోని వ్యక్తులను పిలిచి మాట్లాడించడానికి ఏర్పడిన సంఘం. "సోమాజిగూడ ప్రెస్ క్లబ్‌లో విలేఖరులతో మాట్లాడుతూ" అన్న వాక్యం మన దినపత్రికలలో తరచు చదివే తెలుగు పాఠకులకు ఇటువంటి సంస్థల స్వభావం కొంత పరిచితమే.

స్థాపన, భవనం

1908 మార్చి 12న 32 మంది పత్రికా విలేఖరులు వాషింగ్టన్ వాణిజ్య మండలి కార్యాలయంలో సమావేశమై, తమకొక క్లబ్బు ఉండాలని నిర్ణయించుకున్నారు. అదే నెల 29న విలార్డ్ హోటల్‌లో తిరిగి కలుసుకొని నియమావళిని రూపొందించారు. సభ్యుల మధ్య స్నేహాన్ని, సాహిత్యాభిరుచిని పెంపొందించడం, కష్టాలలో ఉన్న సభ్యులను ఆదుకోవడం, వృత్తిలో నైతిక ప్రమాణాలను కాపాడడం ఆశయాలుగా ప్రకటించుకున్నారు. చేతిలో ఉన్న 300 డాలర్లతో ఎఫ్ వీధిలో ఒక ఇంటి మేడపై క్లబ్బు మొదలైనది. సభ్యులు పెరిగిన కొద్దీ రెండు మూడు చోట్లకు మారి, చివరకు పాత ఎబ్బిట్ హోటల్‌ను పడగొట్టిన స్థలంలో 1927లో సొంత భవనానికి చేరినది. పై అంతస్తులు క్లబ్బుకు ఉంచుకొని, తక్కిన గదులను పత్రికల వాషింగ్టన్ కార్యాలయాలకు అద్దెకివ్వడం ఆ భవన నిర్మాణంలోని ఆర్థిక సూత్రం. వియత్నాంలోని మైలాయ్ మారణకాండను 1969లో వెల్లడించిన సేమూర్ హెర్ష్ ఆ కాలంలో ఈ భవనంలోని ఒక చిన్న గదిలోనే పనిచేశాడు. క్లబ్బులోని ఒక భోజనశాలకు "నమ్మదగిన ఆధారం" అనే అర్థం వచ్చే పేరు పెట్టుకొనడంలో విలేఖరుల హాస్యప్రియత్వం కనిపిస్తుంది.

మధ్యాహ్న విందు ప్రసంగాలు

ఈ క్లబ్బుకు ప్రపంచ ప్రసిద్ధి తెచ్చినవి మధ్యాహ్న భోజన సమావేశాలు. ఆహ్వానితుడు భోజనానంతరం ప్రసంగిస్తాడు. పిదప ప్రశ్నోత్తరాలు జరుగుతాయి. ప్రశ్నలు అడిగే పద్ధతిలో ఒక విశేషమున్నది. శ్రోతలు లేచి అడగరు. చీటీలపై వ్రాసి వేదిక మీదకు పంపుతారు. అధ్యక్షుడు వాటిలో కొన్నిటిని ఎంచి చదువుతాడు. దీనివలన అరుపులు తగ్గుతాయి, తక్కువ సమయంలో ఎక్కువ ప్రశ్నలు పడతాయి. అయితే ఇబ్బందికరమైన ప్రశ్నను ప్రక్కన పెట్టే వీలు కూడ అధ్యక్షునికి లభిస్తుంది కనుక, ఈ పద్ధతి మంచిదా కాదా అన్నది ఆ కుర్చీలో కూర్చున్న వ్యక్తిని బట్టి ఉంటుంది. వక్తకు చివర క్లబ్బు చిహ్నమున్న కాఫీ కప్పును బహూకరించడం ఆచారం. 1980ల నుండి సీ-స్పాన్ టెలివిజన్ ఈ ప్రసంగాలను ప్రసారం చేయడంతో హాలులో లేనివారికి కూడ ఇవి అందుబాటులోకి వచ్చాయి.

ఇక్కడ పలికిన మాటలు కొన్ని చరిత్రలో నిలిచాయి. 1950 జనవరి 12న విదేశాంగ మంత్రి డీన్ ఎచిసన్ పసిఫిక్ ప్రాంతంలో అమెరికా రక్షణ రేఖను వివరిస్తూ, అల్యూషియన్ దీవులు, జపాన్, ర్యుక్యూ దీవులు, ఫిలిప్పీన్స్ మీదుగా అది సాగుతుందని చెప్పాడు. కొరియా ఆ రేఖకు వెలుపల ఉండిపోయింది. అదే సంవత్సరం జూన్ 25న ఉత్తర కొరియా సేనలు దక్షిణ కొరియాపై దాడి చేశాయి. దాడికి ఈ ప్రసంగమే ఊతమిచ్చిందని విమర్శకులు ఆరోపించారు. ఈ విషయమై చరిత్రకారులలో ఏకాభిప్రాయం లేదు. 1959 సెప్టెంబరు 16న సోవియట్ ప్రధాని నికితా కృశ్చేవ్ ఇక్కడికి వచ్చినపుడు, "మిమ్మల్ని పాతిపెడతాము" అని 1956లో మాస్కోలో పాశ్చాత్య రాయబారులతో అన్న మాటకు అర్థమేమిటని విలేఖరులు నిలదీశారు. మనుషులను పాతిపెట్టడం కాదు, ఒక సాంఘిక వ్యవస్థ స్థానంలో మరొకటి రావడం తన ఉద్దేశమని ఆయన సమాధానమిచ్చాడు. 2008 ఏప్రిల్ 28న మతబోధకుడు జెరెమియా రైట్ చేసిన ప్రసంగం, మరునాడే బరాక్ ఒబామా ఆయన మాటలను బహిరంగంగా ఖండించవలసిన పరిస్థితిని కల్పించింది.

ప్రసంగాలే కాక తేలికపాటి ఘట్టాలు కూడ ఉన్నాయి. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో సైనికుల కొరకు క్లబ్బు వినోద కార్యక్రమాలు నడిపేది. 1945 ఫిబ్రవరిలో ఉపాధ్యక్షుడు హారీ ట్రూమన్ అక్కడ పియానో వాయిస్తుండగా, ఇరవై యేళ్ళ నటి లారెన్ బకాల్ ఆ పియానో పైకెక్కి కూర్చున్నది. ఆ ఛాయాచిత్రం దేశమంతటా అచ్చయింది. రెండు నెలలలోనే ట్రూమన్ దేశాధ్యక్షుడైనాడు.

బాల్కనీ

స్థాపించిన నాటి నుండి క్లబ్బు సభ్యత్వం శ్వేతజాతి పురుషులకే పరిమితం. మహిళా విలేఖరులు 1919లో ఉమెన్స్ నేషనల్ ప్రెస్ క్లబ్ పేరుతో వేరుగా సంస్థను ఏర్పరచుకున్నారు. నల్లజాతి పాత్రికేయుడు లూయీ లాటియర్‌కు 1955లో నేషనల్ ప్రెస్ క్లబ్ సభ్యత్వం లభించింది. కాంగ్రెసు విలేఖరుల గ్యాలరీ తలుపులను 1947లో తెరిపించినవాడు కూడ ఇతడే. అదే 1955లో మహిళల క్లబ్బు నల్లజాతి విలేఖరి ఆలిస్ డనిగన్‌ను చేర్చుకున్నది. కాని పురుషుల క్లబ్బులో స్త్రీలకు మాత్రం, నల్లవారైనా తెల్లవారైనా, చోటు దొరకలేదు.

ఇది వట్టి సామాజిక మర్యాదకు సంబంధించిన విషయమైతే ఇంత వ్రాయనవసరం లేదు. దేశాధినేతలు, మంత్రులు ఈ హాలులోనే వార్తలు ప్రకటిస్తుంటే, లోనికి రాలేని విలేఖరి తన వృత్తిని నిర్వహించలేదు. సంపాదకుడు ఆ పనిని సహజంగానే పురుషునికి అప్పగిస్తాడు. 1950ల నడుమ ఫిర్యాదులు పెరిగిన మీదట క్లబ్బు ఒక రాయితీ ఇచ్చింది. ప్రసంగాన్ని వ్రాసుకొనడానికి వచ్చే మహిళలు హాలు పైనున్న బాల్కనీలో ఉండవచ్చును. క్రింద పురుష విలేఖరులు బల్లల చుట్టూ కూర్చొని భోజనం చేస్తుండగా, పైన స్త్రీలు ఇరుకులో, ఉక్కలో, కెమెరా పనివారి మధ్య కాగితాలు పట్టుకొని నిలబడవలసి వచ్చేది. వారికి భోజనం లేదు. ప్రశ్న అడిగే హక్కు అంతకన్నా లేదు. న్యూయార్క్ టైమ్స్ విలేఖరి నాన్ రాబర్ట్‌సన్ 1992లో తమ పత్రికలోని మహిళల పోరాటం గురించి వ్రాసిన గ్రంథానికి ఈ బాల్కనీ పేరే పెట్టింది.

కృశ్చేవ్ ప్రసంగం నాడు మాత్రం, మహిళా క్లబ్బు గట్టిగా పట్టుబట్టడంతో, కొద్దిమంది మహిళలను క్రింది హాలులోకి అనుమతించారు. యునైటెడ్ ప్రెస్ ఇంటర్నేషనల్ విలేఖరి హెలెన్ థామస్ వారిలో ఒకరు. తరువాత మళ్ళీ పాత పద్ధతే కొనసాగింది.

1962 జూలై 19న మార్టిన్ లూథర్ కింగ్ ఇక్కడ ప్రసంగించాడు. ఈ విందు వేదికపై మాట్లాడిన మొదటి నల్లజాతీయుడు ఆయనే. జార్జియా రాష్ట్రంలోని ఆల్బనీ జైలు నుండి విడుదలై అప్పటికి వారమే అయింది. జాతి వివక్షను ఎదిరించే ఆ ప్రసంగాన్ని కూడ మహిళా విలేఖరులు బాల్కనీ నుండే వినవలసి వచ్చింది. మరుసటి సంవత్సరం ఈ వైరుధ్యం బహిరంగ వివాదంగా మారింది. 1963 ఆగస్టు 28న జరుగనున్న వాషింగ్టన్ మహాప్రదర్శన నాయకుడు ఫిలిప్ రాండాల్ఫ్, దానికి రెండు రోజుల ముందు ఈ క్లబ్బులో మాట్లాడడానికి అంగీకరించాడు. న్యాయవాది పౌలీ ముర్రే ఆయనకు ఘాటైన లేఖ వ్రాసింది. నల్లవారిని బస్సులో వెనుక సీట్లకు పంపడం ఎంత అవమానమో, స్త్రీలను బాల్కనీకి పంపడం కూడ అంతే అవమానమని ఆమె వాదన. రాండాల్ఫ్ కార్యక్రమాన్ని మార్చుకోలేదు. ఆయనకు ఈ పోలిక తెలియదని అనుకోలేము. రైలు కార్మికుల హక్కుల కొరకు దశాబ్దాలు పోరాడిన వ్యక్తి కూడ ఈ విషయంలో వెనుకాడడం, ఆ వేదికకు ఉన్న ఆకర్షణ ఎంతటిదో తెలుపుతుంది.

1971 జనవరిలో సభ్యులు ఓటు వేసి మహిళలకు ప్రవేశం కల్పించారు. హెలెన్ థామస్ క్లబ్బు కార్యవర్గంలో చేరిన మొదటి మహిళ అయింది. 1982లో వివియన్ వాల్‌బర్గ్ తొలి మహిళా అధ్యక్షురాలైంది. మహిళల క్లబ్బు కూడ పురుషులను చేర్చుకొని వాషింగ్టన్ ప్రెస్ క్లబ్ అని పేరు మార్చుకున్నది. 1985లో రెండు సంస్థలు ఒకటయ్యాయి.

వార్తలు చదివేటప్పుడు

ఒక విషయం పాఠకులు గమనించవలసి ఉన్నది. క్లబ్బు ఆహ్వానించి జరిపే కార్యక్రమాలు వేరు, గదులను అద్దెకు తీసుకొని ఇతరులు జరుపుకొనే సమావేశాలు వేరు. రెండవ రకం సభలు క్లబ్బుకు ఒక ఆదాయ మార్గం. ఉదాహరణకు 2001 మే 9న, గ్రహాంతర వాహనాల గురించి ప్రభుత్వం నిజాలు దాస్తున్నదని వాదించే స్టీవెన్ గ్రీర్ బృందం ఇక్కడే విలేఖరుల సమావేశం జరిపింది. కేవలం "నేషనల్ ప్రెస్ క్లబ్‌లో ప్రకటించారు" అన్నంత మాత్రాన ఆ విషయానికి క్లబ్బు ఆమోదముద్ర వేసినట్లు కాదు. ఈ భేదాన్ని విస్మరించే వార్తలు తరచుగానే కనబడతాయి.

పురస్కారాలు, పత్రికా స్వేచ్ఛ

పాత్రికేయ రంగంలో జీవితకాల కృషికి క్లబ్బు ఫోర్త్ ఎస్టేట్ పురస్కారాన్ని ఇస్తుంది. 1973లో దీనిని మొదట అందుకున్నవాడు టెలివిజన్ వార్తా వ్యాఖ్యాత వాల్టర్ క్రాంకైట్. పూర్వాధ్యక్షుడు జాన్ ఆబుషాన్ పేరిట పత్రికా స్వేచ్ఛా పురస్కారం కూడ ఉన్నది. 2012 ఆగస్టులో సిరియాలో అదృశ్యమైన అమెరికన్ విలేఖరి ఆస్టిన్ టైస్ కొరకు క్లబ్బు ఏళ్ళ తరబడి ప్రచారం సాగించింది.

2017లో ఆబుషాన్ పురస్కారాన్ని మెక్సికో పాత్రికేయుల తరఫున ఎమిలియో గుటియెరెజ్ సోతో స్వీకరించాడు. సైన్యంపై వ్రాసిన వార్తల వలన ప్రాణభయంతో 2008లో సరిహద్దు దాటి వచ్చి, అమెరికాలో ఆశ్రయం కోరిన విలేఖరి ఇతడు. పురస్కారం అందుకున్న సభలో అమెరికా వలస విధానాన్ని విమర్శించాడు. కొద్ది వారాల తరువాత, డిసెంబరులో, వలస విభాగం అధికారులు అతనిని నిర్బంధించారు. క్లబ్బు న్యాయపరమైన పోరాటానికి అండగా నిలిచింది. 2018 జూలైలో అతడు నిర్బంధం నుండి విడుదలైనాడు.