పరుగు తర్వాత పేగులో ఏం జరుగుతుంది?

‘మా అమ్మాయికి పదిహేడేళ్లు. అయిదు వేల మీటర్లు పరిగెడుతుంది. ఈమధ్య త్వరగా అలిసిపోతోంది. హిమోగ్లోబిన్ 12.6 ఉంది, ఏం ఫర్వాలేదన్నారు. కోచ్ చెప్పారని ఫెరిటిన్ చేయిస్తే 14 వచ్చింది. ఇదేమిటి?’ అని ఒక పాఠకురాలు అడిగారు. చాలా మంచి ప్రశ్న. దీని వెనక హెప్సిడిన్ అనే అద్భుతమైన హార్మోను కథ ఉంది.

ముందు రెండు ముక్కలు. మన ఒంట్లో ఉండే ఇనుము మొత్తం 3-4 గ్రాములే. ఎక్కువ భాగం హిమోగ్లోబిన్‌లో ఉంటుంది, మిగిలినదాన్ని శరీరం చాలావరకు ఫెరిటిన్ రూపంలో దాచుకుంటుంది. లోటు వస్తే ముందు ఖర్చయ్యేది ఆ నిల్వే. హిమోగ్లోబిన్ పడిపోయేది ఆఖరున. ఫెరిటిన్ 15 కన్నా తగ్గితే ఇనుము లోపమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. కాబట్టి ఆ అమ్మాయి నీరసం ఉత్తది కాదు.

పరిగెత్తేవాళ్లలో ఈ నిల్వ ఎందుకు తరిగిపోతుంది? 1881లో ఫ్లైషర్ అనే జర్మన్ వైద్యుడు, దూరం నడిచాక మూత్రం నల్లగా వచ్చిన ఒక సైనికుడి గురించి రాశాడు. పాదం నేలకు తగిలిన ప్రతిసారీ అరికాలి రక్తనాళాల్లో ఎర్ర కణాలు చితికిపోతాయన్న వివరణ ఆ తర్వాత బాగా పాతుకుపోయింది. చితకడం నిజమే. కానీ నేలను తాకని ఈతగాళ్లలోనూ ఎర్ర కణాలు పగులుతాయని తర్వాత తేలింది. పైగా అలా పోయే ఇనుము చాలా కొంచెం. నేరమంతా పాదాల మీద వేసి, అసలు సంగతి చాలాకాలం వదిలేశారు.

అసలు సంగతి కాలేయంలో ఉంది. సూక్ష్మజీవుల్ని చంపే పదార్థాల కోసం వెతుకుతున్న పరిశోధకులకు 2000, 2001లలో 25 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్ దొరికింది. అదే హెప్సిడిన్. అదేం చేస్తుందో 2004లో ఎలిజబెటా నెమెత్, టామస్ గాంజ్ బృందం చూపించింది. పేగు కణాల నుంచి ఇనుము రక్తంలోకి వెళ్లడానికి ఫెరోపోర్టిన్ అనే ఒకే ఒక్క తలుపు ఉంది. హెప్సిడిన్ ఆ తలుపుకు గొళ్లెం పెట్టి ఊరుకోదు, తలుపునే కణం లోపలికి లాగించి ముక్కలు చేయిస్తుంది. పాత ఎర్ర కణాల్లోని ఇనుమును రోజూ 20 మిల్లీగ్రాములకు పైగా తిరిగి అందించే మాక్రోఫేజ్ అనే కణాల తలుపులకూ ఇదే గతి. ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు సూక్ష్మజీవులకు ఇనుము దక్కకుండా శరీరం పన్నిన ఉపాయమిది!

ఇన్ఫెక్షన్ వచ్చిందన్న హెచ్చరికను కాలేయానికి మోసుకెళ్లేది ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేత ప్రొటీన్. గట్టిగా పరిగెత్తినప్పుడు కండరాలు కూడా దాన్నే విడుదల చేస్తాయి. మారథాన్ తర్వాత అది వంద రెట్ల దాకా పెరగవచ్చు. జబ్బేమీ లేకపోయినా కాలేయం హెప్సిడిన్‌ను వదిలి ఆ తలుపుల్ని ముక్కలు చేయిస్తుంది. వ్యాయామం ముగిసిన 3 నుంచి 6 గంటల మధ్య హెప్సిడిన్ తారస్థాయికి చేరుతుంది. ఆ వేళలో మింగిన ఇనుము మాత్రలో చాలా భాగం వృథా. మాత్ర కూడా హెప్సిడిన్‌ను పెంచుతుంది. ఇనుము తక్కువగా ఉన్న యువతుల్లో, రోజూ ఇవ్వడం కన్నా రోజు విడిచి రోజు ఇస్తే మెరుగ్గా ఒంటబడుతుందని 2017లో స్విస్ పరిశోధకులు చూపింది అందుకే.

ఇక పరీక్షల సంగతి. డజన్ల కొద్దీ పరీక్షలు కలిపి ‘స్పోర్ట్స్ ప్యాకేజీ’లు అమ్ముతున్నారు. రక్తం ఎప్పుడివ్వాలో మాత్రం చెప్పరు. కఠినమైన సాధన మర్నాడు ఇస్తే వాపు వల్ల ఫెరిటిన్ ఎక్కువగా కనబడవచ్చు. కండరాల నుంచి వచ్చే ఏఎస్టీ అనే ఎంజైము పెరిగితే కాలేయ జబ్బని భయపడేవాళ్లూ ఉన్నారు. ఒకటి రెండు రోజులు విశ్రాంతి తీసుకుని, ఉదయం పూట, హిమోగ్లోబిన్, ఫెరిటిన్, వాపును పట్టిచ్చే సీఆర్‌పీ మూడూ కలిపి చేయించండి. ఆడపిల్లలైతే నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందేమో, తిండి చాలుతోందో లేదో డాక్టరుతో మాట్లాడండి. ఇనుము ఎక్కువైనా ప్రమాదమే కాబట్టి సొంతంగా మాత్రలు మొదలుపెట్టకండి. హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి ‘ఏం ఫర్వాలేదు’ అన్నారా, ఫెరిటిన్ ఎంతో అడగండి.