చక్రంలో మోటారు... చూసి కొంటే మేలు!

‘అందరికీ ఉంది, నాకూ బ్యాటరీ సైకిల్ కొనండి నాన్నా!’ హైస్కూలు పిల్లలున్న చాలా ఇళ్లలో ఈమధ్య వినిపిస్తున్న మాట ఇది. హోసూరు తెలుగువారికి ఈ బండ్లు మరీ దగ్గరి చుట్టాలు. టీవీఎస్, ఏథర్ విద్యుత్ స్కూటర్లు తయారయ్యేది ఆ ఊళ్లోనే. కొనేముందు తల్లిదండ్రులు, పాఠం చెప్పేముందు ఉపాధ్యాయులు తెలుసుకోవాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి.

మోటారు ఎక్కడుంది?

చాలా విద్యుత్ సైకిళ్లలో మోటారు చక్రం మధ్యలోనే ఉంటుంది. అదే హబ్ మోటారు. రాగి తీగ చుట్లు ఇరుసుకు బిగించి ఉంటాయి. వాటి చుట్టూ అయస్కాంతాలున్న డబ్బా తిరుగుతుంది. ఇందులో రెండు రకాలున్నాయి. మోటారే నేరుగా చక్రాన్ని తిప్పేది ఒకటి. లోపల చిన్న గేర్లతో పనిచేసేది రెండోది. రెండోది తేలిగ్గా ఉంటుంది, ఎత్తు బాగా ఎక్కుతుంది.

చక్రం మారితే లెక్క మారుతుంది

మోటారు నిమిషానికి 200 సార్లు తిరుగుతుందనుకుందాం. 26 అంగుళాల చక్రమైతే బండి గంటకు సుమారు 25 కి.మీ. వెళ్తుంది. అదే మోటారును 20 అంగుళాల చక్రంలో పెడితే సుమారు 19 కి.మీ. వెళ్తుంది. కానీ నేలను వెనక్కి తోసే బలం చిన్న చక్రానికే 30 శాతం ఎక్కువ. ఎత్తుపల్లాల ఊళ్లకు చిన్న చక్రం నయమనేది అందుకే.

చిక్కు కూడా ఇక్కడే ఉంది. మోటారు సామర్థ్యం 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కి.మీ. మించకుండా, బ్యాటరీ కాక బరువు 60 కిలోలలోపు ఉంటేనే లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. చాలా సైకిళ్లలో హ్యాండిల్ మీది డిస్‌ప్లేలో నమోదైన చక్రం సైజును బట్టే బండి తన వేగాన్ని లెక్కిస్తుంది. 26 అంగుళాల చక్రానికి 20 అని నమోదు చేస్తే, తెరపై 25 చూపుతున్నప్పుడు నిజవేగం 32 దాటుతుంది. మోటారుకు ఆ శక్తి ఉంటే బండి అంత వేగమూ అందుకుంటుంది. పిల్లలు సరదాగా చేసే ఈ మార్పుతో చట్టం ఇచ్చిన మినహాయింపు పోతుంది. మైనరు మోటారు వాహనం నడిపి నేరం చేస్తే, 2019 సవరణ ప్రకారం తల్లిదండ్రులకు లేదా యజమానికి 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు పడవచ్చు.

బ్రేకు వేస్తే చార్జింగా?

తిరిగే మోటారును జనరేటరుగా మార్చి, బండి వేగాన్ని కరెంటుగా బ్యాటరీకి తిప్పి పంపడమే రీజెనరేటివ్ బ్రేకింగ్. 1831లో ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణే దీనికి మూలం. సాధారణంగా గేర్ల మోటారులో ఇది పనిచేయదు. అందులోని ఫ్రీవీల్ ఒకవైపే పట్టు ఇస్తుంది.

లాభమెంత? మనిషితో కలిపి 100 కిలోల బండి 25 కి.మీ. వేగంతో వెళ్తుంటే, దాని గతిజ శక్తి సుమారు 2,400 జౌళ్లు. అంటే 0.67 వాట్-అవర్లు. సగం తిరిగొచ్చినా, 360 వాట్-అవర్ల బ్యాటరీలో వెయ్యో వంతు కూడా కాదు. ‘నడుస్తుంటే దానంతటదే చార్జ్ అవుతుంది’ అనే మాట నమ్మి కొనకండి. పొడవైన దిగుడు రోడ్లలో మాత్రం కొంత ఉపయోగం ఉంది, బ్రేకు ప్యాడ్లూ ఎక్కువ కాలం మన్నుతాయి. అయితే బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు, వేగం బాగా తగ్గినప్పుడు ఈ బ్రేకు పట్టు పనికిరాదు. కాబట్టి ముందు, వెనుక మామూలు బ్రేకులు బాగుండాల్సిందే.

తరగతిలో చేయండి

గేర్లున్న బొమ్మ మోటారు ఇరుసును పిల్లలతో చేత్తో తిప్పించండి. తర్వాత దాని రెండు తీగలు కలిపి మళ్లీ తిప్పించండి. ఈసారి బిగుసుకుంటుంది. లెంజ్ నియమం వాళ్ల వేళ్లకే తెలుస్తుంది.

దుకాణంలో అడగాల్సినవి

మోటారు ఎన్ని వాట్లు? గేర్లదా, నేరుగా తిప్పేదా? గరిష్ఠ వేగం ఎంత? డిస్‌ప్లేలోని చక్రం సైజు, టైరు మీద రాసిన సైజు ఒకటేనా? ఈ చివరి ప్రశ్నను ఇంట్లోనూ అప్పుడప్పుడు వేసుకుని, పిల్లల సైకిల్‌ను మీరే చూస్తుండండి.