అరౌనా కళ్లం, మా సంఘం కంప్యూటర్

యెరూషలేములో తెగులు ఆగాలంటే అరౌనా కళ్లంలో బలిపీఠం కట్టమని గాదు ప్రవక్త దావీదుతో చెప్పాడు. కళ్లం, ఎడ్లు, కట్టెలు అన్నీ ఊరకే తీసుకోమన్నాడు అరౌనా. రాజు ఒప్పుకోలేదు. తాను వెల చెల్లించనిదాన్ని దేవునికి అర్పించలేనని 50 తులాల వెండి ఇచ్చి కొన్నాడు (2 సమూయేలు 24:24). కానుకల ఆదివారాల్లో మేము ఎన్నిసార్లు ఈ వాక్యం మీద ప్రసంగించామో! ఆ ప్రసంగాలను టైపు చేసుకున్నది మాత్రం దొంగ సాఫ్ట్‌వేర్‌లో. అరౌనా కనీసం ఇస్తానన్నాడు. మేము వాడుకున్నదాని యజమాని ఆ మాట కూడా అనలేదు.

మా సంఘంలో ఒక తమ్ముడు సేవాభావంతోనే ఆ ‘క్రాక్’ తెచ్చాడు. వేల రూపాయలు మిగిలాయని కమిటీ సంతోషించింది. మేమూ సంతోషించాం. ఎక్కించే ముందు యాంటీవైరస్ ఆపేయమని అందులోనే రాసి ఉంది. కాపలావాణ్ని పంపించేసి తలుపు తీయమన్నట్టే కదా! తీశాం. తెల్లారేసరికి ఒక్క ఫైలు తెరుచుకోలేదు. 980 డాలర్లు కట్టాలి, 72 గంటల్లోగా అయితే 490 చాలు అని ఒక చీటీ మాత్రం తెరుచుకుంది. ‘స్టాప్’ అనే ఈ రాన్సమ్‌వేర్ ముఖ్యంగా క్రాక్‌ల వెంటే వ్యాపించిందట. దాని పాత రకాలు చాలావాటికి 2019లో ఉచిత విరుగుడు వచ్చింది. మాకు తగిలినదానికి అది పనిచేయలేదు. డబ్బు కట్టలేదు. దొంగ సొత్తు వాడి మరో దొంగను పోషించడమా?

బాప్తిస్మాల రిజిస్టరు కాగితం మీద ఉంది కనుక దక్కింది. పోయినవి మా సంఘం తొలితరం తల్లులు ఐదుగురి సాక్ష్యాల రికార్డింగులు.

“అయ్యగారూ, చర్చి పనికే కదా వాడాం, తప్పేముంది?” అని ఒక పెద్ద అడిగారు. 1957 కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ ప్రకారం దొంగ ప్రతి అని తెలిసీ కంప్యూటర్‌లో వాడటం నేరం. లాభాపేక్ష లేదంటే కోర్టు జైలు తప్పించవచ్చు గాని, జరిమానా వేయవచ్చు. చట్టం సంగతి అలా ఉంచితే, ఆ ప్రోగ్రాం రాసినవాడూ కూలివాడే. కూలివాని జీతం బిగబట్టవద్దని యాకోబు పత్రిక చదివి వినిపించే మేము, మా కమిటీ గదిలో బిగబట్టిందేమిటి? తప్పంతా తనదేనని ఆ తమ్ముడు సంఘం ముందు లేచాడు. కూర్చోబెట్టి, మాకు ముందే తెలుసని చెప్పాం. చెప్పడం తేలిక కాలేదు.

ఇప్పుడు ఉత్తరాలకు లిబ్రేఆఫీస్, పాటలు తెరమీద చూపడానికి ఓపెన్ఎల్‌పి వాడుతున్నాం. రెండూ వాటిని తయారుచేసినవాళ్లే ఉచితంగా ఇస్తున్నవి. అక్షరాలు మునుపటంత అందంగా లేవని యువజనుల ఫిర్యాదు, నిజమే. ఆ ఐదుగురు తల్లుల్లో ఇద్దరే మిగిలారు. ఒకామెకు మాట తడబడుతోంది. ఈ శనివారం రికార్డర్ పట్టుకుని ఆమె ఇంటికే ముందు వెళ్తున్నాం.