మడమ మీది రక్తపు చుక్క

"మేమేం తప్పు చేశాం? తిండిలో ఏమన్నా తేడా చేశామా?" నాలుగేళ్ల బిడ్డకు లుకేమియా అనే రక్త క్యాన్సర్ ఉందని తేలగానే తల్లిదండ్రులు ముందు తమనే నిలదీసుకుంటారు. ఆ ప్రశ్నకు జవాబు ఒక పాత అట్టముక్క మీద దొరికింది.

బ్రిటన్‌లో బిడ్డ పుట్టిన కొద్ది రోజులకు మడమ మీద సూదితో గుచ్చి, అట్ట మీది నాలుగు గుండ్రాలకూ రక్తం అద్ది ఆరబెడతారు. పుట్టుకతో వచ్చే కొన్ని జబ్బుల్ని ముందే పసిగట్టే పరీక్ష అది. 1990ల చివర్లో లండన్ శాస్త్రవేత్త మెల్ గ్రీవ్స్ బృందం, ఆ తర్వాత లుకేమియా బారినపడిన పిల్లల అట్టల్ని పరీక్షించింది. జబ్బు కణాల్లోని జన్యులోపమే పలువురి విషయంలో ఆ ఎండిన మరకల్లోనూ కనిపించింది. అంటే తొలి విత్తనం తల్లి కడుపులోనే పడిందన్నమాట.

పిల్లల్లో ఎక్కువగా వచ్చేది అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. అందులో తరచూ జరిగేదేమిటంటే, 12, 21 క్రోమోజోముల ముక్కలు తెగి, తారుమారుగా అతుక్కుంటాయి. బి-లింఫోసైట్ (బి-కణం)గా ఎదగాల్సిన కణం మధ్యలోనే ఆగిపోతుంది. ఒకే మాయను పంచుకున్న కవలల్లో ఇలాంటి కణం సంతతి ఒకరి నుంచి మరొకరికి రక్తంతోపాటే చేరుతుంది.

2008లో వెలువడిన ఒక పరిశోధనలో అలాంటి కవలలే ఉన్నారు. ఒక పాపకు లుకేమియా వచ్చింది. రెండో పాప రక్తంలోనూ ఆ లోపమున్న కణాలున్నాయి, కానీ జబ్బు లేదు. తొలి పొరపాటు ఒక్కటే చాలదని దీంతో తేటతెల్లమైంది.

మరి రెండో దెబ్బ ఎక్కడిది? రకరకాల క్రిములకు తగిన యాంటీబాడీలు తయారు కావాలంటే, ఎదిగే బి-కణం తన డీఎన్‌ఏను తానే కత్తిరించి అతుక్కోవాలి. ఆ పనిచేసే కత్తెర రాగ్ అనే ఎంజైము. అది గురి తప్పి, కణాన్ని అదుపులో ఉంచే జన్యువుల్ని కోసేస్తే ఆ కణం ఆగకుండా పెరిగి మూలుగంతా ఆక్రమిస్తుంది. ఎర్ర కణాలకూ ప్లేట్‌లెట్లకూ చోటుండదు. బిడ్డ పాలిపోతుంది, జ్వరం విడవదు, చిన్న దెబ్బకే ఒళ్లు కమిలిపోతుంది.

పుట్టే ప్రతి 100 మందిలో కనీసం ఒకరికి తొలి లోపం ఉంటుందని బొడ్డుతాడు రక్తపరీక్షలు చెబుతున్నాయి. వారిలో 99 శాతానికి పైగా పిల్లలకు ఈ జబ్బు రానే రాదు. వచ్చినవారిలోనూ, మంచి వైద్యం అందే చోట పదిమందిలో దాదాపు తొమ్మిది మంది బతికి బయటపడుతున్నారు. అందుకే చికిత్సతోపాటు ఆ తల్లికి తప్పక అందాల్సిన మాట ఒకటుంది: "ఇందులో మీ తప్పేమీ లేదమ్మా."