మీకు తెలుసా? రికార్డు ఉన్నా స్వర్ణం రాలేదు

ప్యారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన మన జీవాంజి దీప్తి, అంతకు మూడున్నర నెలల ముందే ఆ ఫైనల్లో స్వర్ణం గెలిచిన టైమింగ్ కన్నా వేగంగా ట్రాకును ఒక చుట్టు చుట్టేసింది!

వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి. పరుగు టీ20 విభాగం 400 మీటర్లు, అంటే మేధోపరమైన వైకల్యం ఉన్నవారి పోటీ. 2024 మే 20న జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 55.07 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు కొట్టింది. అంతకు ముందు అమెరికా రన్నర్ బ్రియానా క్లార్క్ పేరిట ఉన్నది 55.12. తేడా సెకనులో ఇరవయ్యో వంతు. ఆ వేగంలో లెక్కేస్తే గీత దగ్గర మూరెడు కూడా ఉండదు.

ఇక సెప్టెంబర్ 3 నాటి ప్యారిస్ ఫైనల్. ఉక్రెయిన్ అమ్మాయి యూలియా షూలియార్ 55.16తో స్వర్ణం పట్టుకుపోయింది. దీప్తి 55.82. అసలు తమాషా ఏంటంటే, ముందురోజు హీట్స్‌లోనే టర్కీకి చెందిన ఐసెల్ ఓండర్ 54.96తో దీప్తి రికార్డును చెరిపేసింది. తీరా ఫైనల్లో ఆమెకూ దక్కింది రజతమే, 55.23తో. పాత రికార్డు, కొత్త రికార్డు రెండూ పోడియం మీదే ఉన్నాయి, పైమెట్టు మీద మాత్రం కాదు.

టీ20 వాళ్లకు పారాలింపిక్స్‌లో 100, 200 మీటర్ల పరుగులు లేవు. స్ప్రింట్ అంటే ఈ ఒక్క చుట్టే.