లారీ ఇంజనులో నూనె ఎప్పుడు మార్చవలెను?

లారీ షెడ్డులో మెకానిక్కు ఇంజను కొలపుల్లను పైకి లాగి, దాని కొనకు అంటిన నూనెను రెండు వ్రేళ్ళ మధ్య నలిపి చూడడం మనలో చాలమంది గమనించే ఉంటారు. "నల్లబడింది, మార్చేయాలి" అంటాడు అతడు. కాని డీజిల్ ఇంజనులో ఈనాడు పోసిన క్రొత్త నూనె కొద్ది రోజులలోనే నల్లబడుతుంది. నలుపే సాక్ష్యమైతే వారానికొకసారి నూనె మార్చవలసి వస్తుంది. మరి సరియైన సాక్ష్యము ఏది? లారీ సంపాదనపై బ్రతికే కుటుంబానికి ఇది చిన్న ప్రశ్న కాదు. తొందరపడితే మంచి నూనె వృథా. ఆలస్యము చేస్తే ఇంజనే నష్టము.

ఇంజనులో తిరిగే క్రాంక్ షాఫ్ట్ నిజానికి బేరింగును తాకదు. రెంటి మధ్య నూనె ఒక పలుచని పొరగా నిలిచి బరువును మోస్తుంది. ఆ పొర మందము కొన్ని మైక్రానులు మాత్రమే. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మన తలవెంట్రుక మందము సుమారు 70 మైక్రానులు. పొర మందమంత ఉన్న ధూళికణము దానిలో చొరబడితే గరుకు కాగితము వలె లోహాన్ని గీస్తుంది. కంటికి కనిపించే మట్టి కంటె కనిపించని ఈ కణములే ఎక్కువ ప్రమాదకరము.

నూనెలో చేరే కల్మషములు ముఖ్యముగా నాలుగు విధములు: మసి, ఆమ్లము, ధూళి మరియు లోహపు రజను, కాలకుండా మిగిలిన డీజిలు లేక నీరు.

మసికణము ఒక్కొక్కటి మైక్రానులో పదవ వంతు కంటె చిన్నది. మామూలు వడపోత దానిని ఆపలేదు. అందుచేత ఆ కణములు ఒకదానితో ఒకటి అంటుకొని గడ్డ కట్టకుండ విడివిడిగా తేలియాడునట్లు చేసే పదార్థములను నూనెలో ముందే కలుపుతారు. బట్టలు ఉతికిన సబ్బునీరు మురికిగా ఉన్నదంటే సబ్బు పని చేసిందన్న మాట. నూనె నలుపు కూడా అటువంటిదే. కాని ఆ పదార్థములు క్రమముగా ఖర్చయిపోతాయి. అప్పుడు మసి గుమిగూడి, నూనె చిక్కబడి, అడుగున మడ్డిగా పేరుకుంటుంది.

డీజిలులోని గంధకము మండినప్పుడు ఏర్పడే ఆక్సైడులు తేమతో కలిసి ఆమ్లములవుతాయి. వాటిని తటస్థపరచడానికి నూనెలో క్షారగుణము గల పదార్థములు ఉంటాయి. ఈ క్షారశక్తిని గ్రాము నూనెకు ఇన్ని మిల్లీగ్రాముల పొటాషియం హైడ్రాక్సైడుకు సమానమని కొలుస్తారు. మన దేశములో భారత్ స్టేజ్-3 డీజిలులో పది లక్షల పాళ్ళకు 350 పాళ్ళ వరకు గంధకము ఉండవచ్చును. స్టేజ్-4 లో అది 50కి, 2020 ఏప్రిల్ నుండి అమలులో ఉన్న స్టేజ్-6 లో 10కి తగ్గినది. నూనె పూర్వము కంటె ఎక్కువ కాలము మన్నడానికి ఇదొక కారణము. అయితే వేడికి నూనె తానే ఆక్సీకరణము చెందడము వలన కూడ ఆమ్లములు పుడతాయి గనుక క్షారము అవసరము తీరిపోలేదు.

ఇక వడపోత, అనగా ఆయిల్ ఫిల్టరు సంగతి. 1923లో అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్ 'ప్యూరోలేటర్' అను వడపోతను రూపొందించినాడు. తొలినాటి వడపోతలు నూనెలో కొంత భాగమునే వడకట్టేవి. నేటి ఇంజనులలో బేరింగులకు పోయే నూనె అంతయు మడతలు పెట్టిన ప్రత్యేకపు కాగితము గుండా పోతుంది. దాని సామర్థ్యమును 'బీటా' నిష్పత్తితో చెబుతారు. 20 మైక్రానుల వద్ద బీటా 75 అంటే, ఆ పరిమాణము గాని అంతకు మించి గాని ఉన్న కణములు 75 వస్తే ఒక్కటి మాత్రమే దాటిపోతుంది. అనగా నూటికి 98.7 పాళ్ళు ఆగిపోతాయి. బీటా 2 అయితే సగమే ఆగుతాయి.

అయితే ఎంత సన్నని వడపోత అయితే అంత మంచిదా? కాదు. రంధ్రములు చిన్నవైన కొద్దీ నూనె ప్రవాహానికి అడ్డు పెరుగుతుంది, కాగితము త్వరగా పూడుతుంది. పూడిన వడపోత ముందు పీడనము హెచ్చితే ఒక స్ప్రింగు కవాటము తెరుచుకొని, నూనెను వడకట్టకుండానే బేరింగులకు పంపుతుంది. నూనె అసలే అందకపోవడము కంటె మురికి నూనె అందడము మేలని ఈ ఏర్పాటు. కాని అటుపైన వడపోత ఉన్నా లేనట్లే. డ్రైవరుకు ఆ సంగతి తెలియదు. కాబట్టి మర సరిపోయినంత మాత్రాన ఫిల్టరు సరిపోయినట్లు కాదు. అది ఎంత చిన్న కణమును ఆపుతుంది, ఎంత మురికిని పట్టి ఉంచుతుంది, కవాటము ఏ పీడనము వద్ద తెరుచుకుంటుంది అనునవి ఇంజను తయారీదారు చెప్పిన కొలతలకు సరిపోవలెను. నూనెతో పాటు ఫిల్టరును కూడ మార్చవలెను. పాత ఫిల్టరులో మిగిలిన మురికి నూనె క్రొత్త నూనెలో కలవకూడదు గదా!

ఇప్పుడొక లెక్క చూద్దాము. ఒక లారీ హైదరాబాదు-విజయవాడ రహదారిపై సగటున గంటకు 50 కిలోమీటర్ల వేగముతో నడుస్తున్నది. అటువంటిదే మరొకటి చీమకుర్తి గ్రానైటు గనుల వద్ద బరువెక్కించుకొనుచు, ఇంజను ఆపకుండా నిలబడుచు, సగటున గంటకు 10 కిలోమీటర్లే పోతున్నది. 20,000 కిలోమీటర్లు తిరిగేసరికి మొదటి ఇంజను పని చేసినది 400 గంటలు, రెండవది 2,000 గంటలు! మీటరులో అంకె ఒక్కటే. నూనె పడిన శ్రమ అయిదు రెట్లు. గనిలో ధూళి అదనము. అందుకే తయారీదారుల పుస్తకములలో మామూలు పనికి ఒక గడువు, కఠినమైన పనికి అంతకు తక్కువ గడువు ఉంటాయి. లారీలు ఎక్కువగా ఉన్న సంస్థలు నూనె నమూనాను ప్రయోగశాలకు పంపి స్నిగ్ధత, క్షారశక్తి, ఇనుము, సిలికా పాళ్ళు చూచుకొని గడువును సవరించుకుంటాయి. ఇనుము పెరిగితే లోపల అరుగుదల ఉన్నదని, సిలికా పెరిగితే గాలి వడపోత గుండా దుమ్ము వస్తున్నదని అనుమానించవచ్చును.

పాఠశాలలో చేయదగిన ఒక పరీక్ష ఉన్నది. వాడిన నూనె చుక్కనొకదానిని వడపోత కాగితముపై వేసి, ఒక రోజు ఉంచండి. నలుపు నడుమ నుండి అంచు వరకు క్రమముగా వ్యాపిస్తే, మసిని విడదీసే శక్తి నూనెలో ఇంకా ఉన్నదన్న మాట. నడుమ చిక్కని నల్లమచ్చ నిలిచిపోయి, చుట్టూ తేటనూనె మాత్రమే ప్రాకితే ఆ శక్తి క్షీణించినది. చేతులకు తొడుగులు వేసుకొనండి. వాడిన నూనె చర్మానికి మంచిది కాదు. మిగిలిన దానిని నేలపై గాని కాలువలో గాని పోయక, శుద్ధిచేసి తిరిగి వాడుకొనేందుకు అనుమతి పొందిన వారికి అందేటట్లు చూడవలెను.

ఈ పరీక్ష ప్రయోగశాలకు బదులు కాదు. క్షారశక్తిని గాని లోహపు పాళ్ళను గాని అది చెప్పదు. కాని నూనెను రంగు చూచి కాక, అది చేసిన పనిని చూచి లెక్కకట్టవలెనని విద్యార్థికి కాగితముపై చూపుతుంది.