దంతవైద్యమన్న భయమేల? – మహమ్మారి నేర్పిన పాఠం

పంటినొప్పి పగవానికి సైతం రాకూడదని పెద్దలంటారు. అయినప్పటికీ ఆ నొప్పిని మాన్పగల వైద్యుని గుమ్మం తొక్కడానికి వెనుకాడనివారు అరుదు. రెండునాళ్లు జ్వరం కాస్తే ఆసుపత్రికి పరుగెత్తే మనిషి, పన్ను పుచ్చితే రెండేళ్లయినా ఓర్చుకుంటాడు. లవంగనూనె అద్దుకుంటాడు, రెండవ దవడతో నమలడం అలవాటు చేసుకుంటాడు, చల్లని నీళ్లు మానుకుంటాడు. కాని ఆ కుర్చీలో మాత్రం కూర్చోడు. ఈ వింత ప్రవర్తనకు అజ్ఞానమొక్కటే కారణం కాదు. విద్యావంతులలోను, ఇతర విషయాలలో ధైర్యశాలురైన వారిలోను ఈ భయం కానవస్తుంది. కనుక దీనిని పరిహసించడం కంటె పరిశీలించడం మేలు.

ఈ పాత భయానికి 2020లో ఒక కొత్త భయం తోడయింది. ఆ సంవత్సరం మార్చి 11వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ వ్యాధిని మహమ్మారిగా అభివర్ణించింది. దంతవైద్యుని వద్ద రోగి ముసుగు తీయక తప్పదు, నోరు తెరవక తప్పదు. పంటిని తొలిచే యంత్రం నిమిషానికి మూడు లక్షలకు పైగా తిరుగుతుంది. అది వేడెక్కకుండా చల్లే నీరు లాలాజలంతో కలసి సన్నని తుంపరగా గదిలో వ్యాపిస్తుంది. గాలి ద్వారా వ్యాపించే జబ్బుకు ఇంతకంటె అనువైన చోటు లేదని జనం భావించడంలో వింత లేదు. వ్యాధి సమాజంలో వ్యాపిస్తున్న ప్రాంతాలలో అత్యవసరం కాని దంతచికిత్సలను వాయిదా వేయడం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సైతం 2020 ఆగస్టులో సూచించింది. అయితే ఆ సూచన అత్యవసర చికిత్సలకు వర్తించదు. ఈ భేదాన్ని గ్రహించక, ఎందరో అన్నింటినీ వాయిదా వేసుకున్నారు. 2023 మే 5న అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటన వెలువడినా, వాయిదా వేసుకున్న అలవాటు మాత్రం కొందరిని వీడలేదు.

ఈ రెండు భయాలనూ వేరుచేసి చూడాలి. మొదటిది సూక్ష్మక్రిమి భయం. దీనికి విరుగుడు ఏర్పాట్లలో ఉన్నది. వైద్యుని ముసుగు, చేతితొడుగులు, కంటికి అద్దాలు, ఆవిరి యంత్రంలో శుద్ధిచేసిన పరికరాలు, తుంపరను అక్కడికక్కడే పీల్చివేసే గొట్టం, చికిత్స చేసే పంటిని తక్కిన నోటినుండి వేరుచేసే పలుచని రబ్బరు తెర, గాలి వెలుతురు గల గది – ఇవి ఉన్నచోట ప్రమాదం ఎంతో తగ్గుతుంది. 2020 జూన్‌లో అమెరికాలో రెండువేల పైచిలుకు దంతవైద్యులను విచారించగా, వ్యాధి సోకినవారు నూటికి ఒకరి కంటె తక్కువేనని అంచనా వేశారు. రోజంతా ఆ తుంపర మధ్య నిలిచేవారి మాటే ఇది. ఏర్పాట్లు ఎలా ఉన్నాయని వైద్యుని అడిగి తెలుసుకోవడం అమర్యాద కాదు. అది రోగి హక్కు.

రెండవది నొప్పి భయం. ఇది మన తాతముత్తాతలనుండి సంక్రమించినది. మత్తుమందు లేని రోజులలో పన్ను పీకడం నిజంగా నరకయాతనే. ఆ యాతన పోయినా దాని కథలు పోలేదు. విచిత్రమేమంటే, శస్త్రచికిత్సా ప్రపంచానికి నొప్పిలేని మార్గం చూపినవారిలో దంతవైద్యులు అగ్రగణ్యులు. హోరేస్ వెల్స్ అనే అమెరికా దంతవైద్యుడు 1844 డిసెంబరు 11న నైట్రస్ ఆక్సైడ్ వాయువును పీల్చి, తన పంటినే పీకించుకొని పరీక్షించాడు. 1846 అక్టోబరు 16న మరొక దంతవైద్యుడు విలియం మోర్టన్ బోస్టన్ నగరంలో ఈథరు ప్రభావాన్ని బహిరంగంగా ప్రదర్శించాడు. 1940వ దశకంలో స్వీడన్‌లో లిగ్నొకెయిన్ రూపొందింది. నేడు మన ఊళ్లలో పంటివద్ద ఇచ్చే సూదిమందు సాధారణంగా ఇదే.

భయానికి పెరిగే గుణం కలదు. భయపడినవాడు వెళ్లడు. వెళ్లనందున పుచ్చు లోతవుతుంది. లోతైన పుచ్చుకు పెద్ద చికిత్స కావలసివస్తుంది. పైగా చీముపట్టి వాచిన చోట ఆమ్లగుణం హెచ్చి, మత్తుమందు సరిగా పనిచేయదు. ఆ స్థితిలో వెళ్లినవానికి నొప్పి కలుగుతుంది. “నేను ముందే అనుకున్నాను” అని అతడు మరింత బెదురుతాడు. అంటే, నొప్పికి జంకి ఆలస్యం చేసినవాడే ఆ నొప్పిని కొనితెచ్చుకుంటున్నాడన్నమాట. తొలిదశలోనే వెళ్లినవానికి ఈ విషవలయంలో చిక్కుకొనే ఆపద తక్కువ.

ఆలస్యానికి మూల్యం ఒక పంటితో ఆగదు. మందుల దుకాణంలో కొన్న బిళ్లలతో వాపు తగ్గవచ్చును గాని, పంటిలోని మూలం అలాగే ఉంటుంది. క్రింది దవడ పంటి చీము నాలుక క్రిందికి, మెడలోనికి ప్రాకినచో శ్వాసమార్గమే మూసుకుపోయే ప్రమాదం ఉన్నది. దవడ క్రింద వాపు, మింగలేకపోవడం, నోరు తెరవలేకపోవడం, ఊపిరి అందకపోవడం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగరాదు. వెంటనే పెద్దాసుపత్రికి చేర్చాలి. 2021లో రెండవ కోవిడ్ విజృంభణ వేళ, ముఖ్యంగా మధుమేహం గలవారిని పీడించిన నల్లశిలీంధ్ర వ్యాధి సైతం కొందరిలో పైదవడ నొప్పిగా, పళ్లు కదలడంగా బయటపడింది. అట్టివారికి పంటి పరీక్ష ప్రాణరక్షణకు తొలిమెట్టు అయింది.

మరి భయాన్ని జయించడమెలా? మొదట దానిని కొలవాలి. నార్మన్ కోరా అనే శాస్త్రవేత్త 1969లో నాలుగు ప్రశ్నల కొలమానం ప్రకటించాడు. రేపు వైద్యుని వద్దకు వెళ్లాలంటే ఎలా ఉంటుంది, వేచియుండే గదిలో ఎలా ఉంటుంది, తొలిచే యంత్రం సిద్ధమవుతుంటే ఎలా ఉంటుంది, పళ్లు శుభ్రంచేసే పరికరాలు తీస్తుంటే ఎలా ఉంటుంది – ఒక్కొక్కదానికి 1 నుండి 5 వరకు గుణములు. మొత్తం 15, అంతకు మించితే భయం తీవ్రమైనదని అర్థం. ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పడం సిగ్గుపడవలసిన విషయం కాదు.

పిదప ఈ క్రింది పద్ధతులను పాటించవచ్చును. తొలిసారి కేవలం పరీక్షకే వెళ్లండి. ఉదయపు వేళ ఎన్నుకుంటే దినమంతా బెంగపడే పని ఉండదు. ప్రతి పనిని ముందు చెప్పి, చూపి, ఆపై చేయమని కోరండి. చేయి ఎత్తితే ఆపాలని వైద్యునితో ఒప్పందం చేసుకోండి; పగ్గం తన చేతిలో ఉన్నదన్న నమ్మకమే సగం భయాన్ని పోగొడుతుంది. ఊపిరిని నెమ్మదిగా పీల్చి, అంతకంటె నెమ్మదిగా విడవండి. మత్తుమందు నొప్పిని ఆపుతుంది గాని ఒత్తిడిని తెలియకుండా చేయదు. ఒత్తిడి తెలిసినంత మాత్రాన మందు పనిచేయలేదని కంగారుపడకండి. నిజంగా నొప్పి కలిగితే మాత్రం దాచక చెప్పండి. మరొక మాట: “అల్లరి చేస్తే సూది వేయిస్తా” అని పసిపిల్లలను బెదిరించే అలవాటు ఇళ్లలో మానిపించాలి. భయానికి తొలి విత్తనం అక్కడే పడుతుంది.

ఖర్చు భయం మరొకటి ఉన్నది. దానికి ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు కొంత సమాధానం చెబుతున్నాయి. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోను, విజయవాడలోను, కడపలోను ఇట్టి సంస్థలు కలవు. మన దేశంలో తొలి దంతవైద్య కళాశాలను 1920లో కలకత్తాలో స్థాపించినవారు డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్. ఆయన నాటిన మొక్క నేడు దేశమంతటా శాఖోపశాఖలుగా విస్తరించింది. నీడ ఉన్నప్పుడు ఎండలో నిలబడడం మన లోపమే.

నవ్వినప్పుడు చేయి అడ్డం పెట్టుకొనే సహాధ్యాయి మన తరగతిలో ఉండవచ్చును. మెత్తని అన్నం తప్ప తినలేక, ఎవరితోను చెప్పుకోలేక సతమతమయ్యే నానమ్మ మన ఇంట ఉండవచ్చును. వారికి ఉపన్యాసం అక్కరలేదు; తోడు కావాలి. ఈ సెలవులలో అట్టివారిని ఒక్కరినైనా వైద్యుని వద్దకు వెంటబెట్టుకొని వెళ్లి, చికిత్స ముగిసేవరకు ప్రక్కన కూర్చున్న విద్యార్థి, చదివిన చదువుకు సార్థకత చేకూర్చినవాడవుతాడు.